జేబులో దాగిన లెక్క

పదవ తరగతి త్రికోణమితిలో మన పిల్లలు 'సైన్' అని వల్లె వేస్తారు. అది దొరలు తెచ్చిన మాట అనుకుంటారు. కాని దాని పుట్టుక ఈ గడ్డపైనే జరిగింది.

క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో దాని పేరు 'జ్యా', అంటే అల్లెతాడు. వృత్తంలో ఒక ముక్కను విల్లు అనుకుంటే, రెండు కొసలనూ కలిపే గీత అల్లెతాడు. లెక్కకు అందులో సగమే కావాలి. 'జీవా' అన్నా అదే అర్థం.

భారతీయ ఖగోళ గ్రంథాలు బాగ్దాదు చేరినప్పుడు 'జీవా' కాస్తా 'జీబ' అయింది. రాతలో జీమ్, యే, బే ఉంటే చాలు. జేర్, జబర్ లేకపోతే మదరసా పిల్లవాడైనా దాన్ని 'జైబ్' అనే చదువుతాడు. జీబకు అరబ్బీలో అర్థం లేదు, జైబ్‌కు ఉంది: చొక్కా మెడ దగ్గరి చీలిక, ఎద మీది మడత. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) చేయి పెట్టింది ఆ జైబ్‌లోనే (సూరా నమ్ల్, 12వ ఆయత్). ఉర్దూ జేబ్, తెలుగు జేబు దాని సంతానమే.

12వ శతాబ్దంలో లాటిన్ అనువాదకులు మడత అనే అర్థం తీసుకుని 'సైనస్' అన్నారు. జలుబు చేస్తే డాక్టరు చెప్పే ముక్కు సైనస్ కూడా ఈ మాటే! ఇది అనువాదకుల అజ్ఞానమని కొందరు నవ్వుతారు. మాకది అన్యాయంగా తోస్తుంది. అల్ బత్తానీ (మరణం 929) వంటి పండితులు జైబ్ పేరుతోనే లెక్కలు కట్టి అప్పటికి రెండు శతాబ్దాలు దాటింది. వారు కళ్లెదుట ఉన్న మాటనే అనువదించారు.

అరబ్ దేశాల బడుల్లో సైన్ నేటికీ జైబ్. కొసైన్ 'జైబుత్తమామ్'.