గ్రాండ్ అడ్మిరల్‌కి పెద్దది బుర్ర కాదు, బొక్కసం

స్టెల్లారిస్ అనే అంతరిక్ష సామ్రాజ్యాల వీడియో గేమ్‌లో అన్నిటికన్నా కష్టమైన లెవల్ పేరు గ్రాండ్ అడ్మిరల్. ఆ పేరు చూస్తే అవతల ఉన్న కంప్యూటర్ మహా ఎత్తుగడలు వేసే సేనాపతి అయిపోతుందేమో అనిపిస్తుంది. అదేం కాదు. కింది లెవల్లో ఎలా ఆలోచించేదో ఇక్కడా దాదాపు అలాగే ఆలోచిస్తుంది. కాకపోతే అదే గని నుంచి దానికి మనకన్నా ఎక్కువ ఖనిజం వస్తుంది, అదే ల్యాబ్ నుంచి ఎక్కువ పరిశోధన వస్తుంది. అంటే మనకి పేపర్ కష్టంగా ఇవ్వలేదు, పక్కవాడికి ముందే గ్రేస్ మార్కులు కలిపేశారు.

ఈ మధ్య ఏఐ అనగానే అందరికీ చాట్‌బాట్‌లే గుర్తొస్తున్నాయి. గేమ్‌లో ఉండే ఏఐ వేరే రకం. మీ ఆట చూసి అది ఏమీ నేర్చుకోదు. ‘ఇలా ఉంటే అలా చెయ్యి’ అని ప్రోగ్రామర్ రాసిపెట్టిన నియమాలు, ఏ పనికి ఎంత ప్రాధాన్యమివ్వాలో చెప్పే కొన్ని అంకెలు. అంతే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇలాంటి షరతులే రాసి బతికేవాణ్ణి కాబట్టి, ఈ గేమ్ ఆడుతున్నప్పుడు నా దృష్టి యుద్ధం మీద కన్నా దాని వెనకున్న షరతుల మీదే ఎక్కువ ఉంటుంది.

ఈ తరహా ఆటలకి ఫోర్ ఎక్స్ అని పేరు. 1993లో మాస్టర్ ఆఫ్ ఓరియన్ అనే గేమ్ గురించి రాస్తూ అలన్ ఎమ్రిచ్ అనే అమెరికన్ రచయిత పెట్టిన పేరది. వెతుకు, విస్తరించు, వాడుకో, నాశనం చెయ్యి అనే నాలుగు పనుల ఇంగ్లిష్ మాటల్లోని నాలుగు ఎక్స్‌లు. ఆ గేమ్‌లో ప్రతి ప్రత్యర్థి రాజుకీ ఒక స్వభావం, ఒక ఆశయం ఉండేవి. ఒకడు పరాయివాళ్లంటే పడని కోపిష్ఠి, ఇంకొకడు మాట తప్పని మర్యాదస్తుడు. స్వీడన్ కంపెనీ పారడాక్స్ 2016 మేలో తెచ్చిన స్టెల్లారిస్‌లోనూ మూలం అదే. శాంతిని నమ్మే జాతి ఒకలా, తాము తప్ప విశ్వంలో ఎవరూ బతక్కూడదనుకునే జాతి ఇంకోలా ప్రవర్తిస్తాయి. రెండో రకంతో రాయబారాలు వేస్ట్, అసలు మాట్లాడనే మాట్లాడవు.

పక్క సామ్రాజ్యానికి మనమీద ఎంత అభిప్రాయముందో స్టెల్లారిస్ అంకెల్లో చూపించేస్తుంది. సరిహద్దు తగాదాకి ఇంత మైనస్, ఒప్పందానికి ఇంత ప్లస్, ఇద్దరికీ శత్రువు ఒకడే అయితే ఇంకాస్త ప్లస్. ఆఫీసుల్లో అప్రైజల్ కూడా ఇంత పారదర్శకంగా ఉంటే ఎంత బావుణ్ణు!

అయితే యుద్ధానికి దిగే ముందు ఏఐ అన్నిటికన్నా ముఖ్యంగా చూసేది బలాబలాలు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు కదా, ఆ సామెతని కోడ్‌గా రాస్తే ఇదే. కాబట్టి మీకు యుద్ధం చేసే ఉద్దేశం ఒక్క శాతం కూడా లేకపోయినా నౌకాదళం మాత్రం ఉండాలి. అది ఒక్క గుండు పేల్చక్కర్లేదు. దాని అంకె పక్కవాడి అంకెకి దరిదాపుల్లో ఉంటే చాలు, వాడు ఇంకో మెత్తనివాణ్ణి వెతుక్కుంటాడు.

మరి గ్రేస్ మార్కుల సంగతి? అక్కడ పనికొచ్చేది మ్యాప్. మొదట్లో ఈ గేమ్‌లో నక్షత్రాల మధ్య ప్రయాణానికి మూడు పద్ధతులుండేవి. శత్రువు ఎటునుంచైనా ఊడిపడేవాడు, కోట కట్టినా దండగే. 2018 ఫిబ్రవరిలో వచ్చిన 2.0 వెర్షన్ నుంచి అందరూ హైపర్‌లేన్ అనే దారుల వెంటే మొదలుపెట్టి నడవాలి. అప్పట్నుంచి అంతరిక్షంలో కూడా కనుమలు, ఇరుకు దారులు ఏర్పడ్డాయి. పది నక్షత్రాలకి ఒకే ద్వారం ఉన్న చోటు పట్టుకుని అక్కడ బలమైన స్టార్‌బేస్ కట్టారనుకోండి, పక్కవాడి ఖజానా మీకన్నా పెద్దదైనా వాడి ఓడలన్నీ ఆ గుమ్మంలోంచే రావాలి. అందుకే మొదటి ముప్ఫై ఏళ్లలో (గేమ్ కాలంలోనే లెండి!) దగ్గర్లో దొరికే ఖనిజం కన్నా దూరంగా ఉన్న గుమ్మం విలువైనదని నేనంటాను. ఏఐ ఈరోజు లాభాన్ని లెక్కవేస్తుంది. యాభై ఏళ్ల తర్వాత దండు ఎటునుంచి వస్తుందో ఊహించడం మనిషికే చేతనవుతుంది.

ఇందులో నాకు బాగా నచ్చిన ప్రత్యర్థులు ఫాలెన్ ఎంపైర్‌లు. ఒకప్పుడు విశ్వాన్ని ఏలి, ఇప్పుడు అరుగు మీద కునుకు తీస్తున్న ముసలి సామ్రాజ్యాలు. వాటి జోలికి వెళ్లకపోతే మన జోలికి రావు. కానీ ఒక్కొక్కదానికి ఒక్కో పట్టింపు. ఒకటి తన సరిహద్దు పక్కన ఇల్లు కడితే ఊరుకోదు, ఇంకొకటి తను పవిత్రమనుకునే గ్రహాల మీద అడుగు పెట్టనివ్వదు. ఒకే ఒక్క షరతు మీద నడిచే ఏఐ అది. అయినా ఆటంతా అయ్యాక ఎక్కువగా గుర్తుండేవి అవే.

ఏఐకి నిజంగానే తెలివి పెంచొచ్చు కదా అని అడిగేవాళ్లుంటారు. 1997లో కాస్పరోవ్‌ని ఓడించిన డీప్ బ్లూ ముందున్నది 64 గడుల బోర్డు, ఎదుట ఒక్కడే మనిషి. ఇక్కడ నక్షత్రాలే వెయ్యిదాకా ఉండొచ్చు, డజనుకి పైగా సామ్రాజ్యాలు, వాటన్నిటి ఆలోచనా మీ ఇంట్లోని ఒక్క ప్రాసెసర్ మీదే, అదీ ఆట ఆగకుండా. గేమ్ చివరికొచ్చేసరికి ఒక్కో నెల గడవడానికే ఆపసోపాలు పడుతుంది. ఇంకో సంగతి. సివిలైజేషన్ 4 డిజైనర్ సోరెన్ జాన్సన్ 2008లో గేమ్ డెవలపర్ల సదస్సులో ఓడిపోవడానికే ఆడే ఏఐ గురించి మాట్లాడాడు. గెలవడమే పనిగా పెట్టుకున్న ఏఐలన్నీ ముందున్న మనిషి మీదకి ఒక్కసారిగా దండెత్తితే అది మంచి ఎత్తుగడే, కానీ ఆ ఆట ఎవరు ఆడతారు?

నా మటుకు నాకు ఈ చిక్కుముడిని నిజాయితీగా విప్పింది క్రిస్ పార్క్. అతని 2009 గేమ్ ఏఐ వార్‌లో విశ్వమంతా అప్పటికే ఏఐ చేతుల్లో ఉంటుంది, మనిషి ఓ మూల మిగిలి ఉంటాడు. ఇద్దరికీ ఒకే నియమాలు అనే నటన అక్కడ లేదు. మీరు చిన్నవాళ్లుగా ఉన్నంతకాలం అది మిమ్మల్ని పెద్దగా పట్టించుకోదు. మీరు లాక్కున్న ప్రతి గ్రహానికీ ఒక మీటర్ పెరుగుతుంది, దాంతోపాటు దాని కోపమూ పెరుగుతుంది. ఏ గ్రహం తీసుకోవాలన్నది కాదు, ఏది వదిలెయ్యాలన్నదే ఎత్తుగడ. గ్రాండ్ అడ్మిరల్ చాటుగా డబ్బు తీసుకుంటాడు, ఇది మొహం మీదే చెప్పి తీసుకుంటుంది.

స్టెల్లారిస్ కొత్తగా మొదలుపెట్టేవాళ్లు సెట్టింగ్స్‌లో రెండు చూడండి. ఒకటి, ఏఐ దూకుడు. ఇది లెవల్‌కి సంబంధం లేకుండా విడిగా ఉంటుంది. లెవల్ మధ్యలో ఉంచి దీన్ని పెంచితే పక్కవాళ్లు ధనవంతులు కాకుండానే ప్రమాదకరంగా తయారవుతారు. రెండోది, బోనస్ మొదట్లోనే మొత్తం ఇచ్చెయ్యకుండా కాలం గడిచేకొద్దీ పెంచే ఆప్షన్. నేనిప్పుడు కమోడోర్ లెవల్లో ఈ రెండూ పెట్టుకుని ఆడుతున్నాను. 2260 నడుస్తోంది, గుమ్మం ఇంకా నా చేతుల్లోనే ఉంది, పక్కవాడి అంకె మాత్రం నెలనెలా పెరుగుతోంది.