గాయపడిన కాగితం

అచ్చు అనగానే రచయితలమైన మనకు సిరా స్ఫురిస్తుంది. తెల్లని కాగితంమీద నల్లని అక్షరం పడినప్పుడే ఏదైనా చెప్పినట్లు మన లెక్క. కాని సిరా లేని అచ్చు కూడా ఒకటి ఉన్నది. కొయ్యచట్రంలో, అద్దం వెనుక, మందమైన తెల్లకాగితం. దానిమీద రంగు లేదు, మనిషి రూపం లేదు. ఎదుట నిలిచిన వారికి మొదట ఏమీ కనిపించదు. కొంచెం ప్రక్కకు జరిగి చూచినప్పుడు కత్తిగాటు వంటిది ఒకటి, పొడిచిన గుంట వంటిది ఒకటి, గాటు అంచున చర్మంవలె ఉబ్బిన కాగితం కనిపిస్తాయి. శిల్పి సోమనాథ్ హోర్ 1970వ దశకంలో చేసిన ‘గాయాలు’ అనే ముద్రాచిత్రాల పరంపర ఇటువంటిది.

హోర్ 1921లో చిట్టగాంగు ప్రాంతంలో జన్మించినారు. ఆయన కళకు ఓనమాలు దిద్దించినది 1943నాటి వంగ క్షామం. సుమారు 30 లక్షలమందిని పొట్టనపెట్టుకొన్న ఆ కరవును, చిత్రకారుడు చిత్తప్రసాద్ ప్రోత్సాహంతో, కళ్లారా చూచి చిత్రించినారు. ఆ బొమ్మలు కమ్యూనిస్టు పార్టీ పత్రికలో వెలువడినవి. పంటలో మూడింట రెండు పాళ్లు తమకు దక్కవలెనని కోరుకు దున్నే రైతులు 1946లో తేభాగా ఉద్యమం సాగించినప్పుడు, వారి నడుమకు వెళ్లి బొమ్మలతోపాటు దినచర్య కూడా వ్రాసినారు. ఆనాటి చిత్రాలలో మనుషులు స్పష్టంగా ఉన్నారు. అటువంటి చిత్రకారుడు యాభై ఏండ్ల వయసులో, శాంతినికేతన కళాభవనంలో పనిచేస్తున్న కాలంలో, ఈ పరంపరలో మనిషి రూపాన్ని విడిచిపెట్టినారు. అది 1971 బంగ్లాదేశ యుద్ధం, కలకత్తా వీధులలోని హత్యలు, వియత్నాం వార్తలు కలిసి వచ్చిన కాలం.

పని జరిగే తీరు తెలిస్తే చిత్రం సగం అర్థమౌతుంది. మొదట బంకమట్టితోనో మైనంతోనో ఒక పలక చేస్తారు. దానిని కత్తితో కోస్తారు, కాల్చిన కడ్డీతో పొడుస్తారు. ఆ పలకనుండి సిమెంటు అచ్చు తీస్తారు. తడి కాగితపు గుజ్జును ఆ అచ్చుమీద పరచి, గట్టిగా అదిమి, ఆరిన తరువాత ఎత్తుతారు. ఇక్కడ కాగితం ముందుగా తయారై ఉండి బొమ్మకోసం కాచుకొన్నది కాదు; కాగితమూ గాయమూ ఒక్కసారే పుట్టినవి. సిరాతో వేసిన గీత కాగితంమీద ఉంటుంది. ఈ గాటు కాగితంలోనే ఉన్నది.

ఇది శిల్పి బుద్ధి. హోర్ 1974నుండి కంచుబొమ్మలు చేసినప్పుడు కూడా మైనపు రేకులను కోసి, అతికి, ఆ కోతలను లోహంలో దాచకుండా ఉంచినారు. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టి, శాంతినికేతనంలో చదివి, పారిస్‌లో పేరు తెచ్చుకొన్న మన కృష్ణారెడ్డి కూడా శిల్పియే. ఆయన లోహపు పలకను పలు లోతులుగా చెక్కి, చిక్కదనంలో తేడాగల సిరాలతో ఒకే పలకనుండి అనేక వర్ణాలు రాబట్టినారు. లోతును ఆయన రంగుగా మార్చితే, హోర్ లోతును లోతుగానే ఉంచినారు. అందువల్ల ఈ చిత్రానికి వెలుతురే సిరా. ఎదురుగా దీపం పెడితే గాయం మాసిపోతుంది. ప్రక్కనుండి వెలుగు పడితే నీడ లేచి గాటు తెరుచుకొంటుంది.

“మనిషి లేని చోట మనిషి బాధ ఎట్లు తెలుస్తుంది? ఇది జీవితంనుండి పారిపోవడం కాదా?” అని అమూర్తకళపై వినవచ్చే ఆక్షేపణ. సాధారణంగా ఆ ప్రశ్న సబబైనదే. కాని ఎండిన డొక్కలను పదేపదే చూచిన కంటికి కాయ కాస్తుంది. కరవుబొమ్మను చూచి “అయ్యో” అనుకొని పుట త్రిప్పడం మనకు అలవాటైనది. హోర్ ఆ “అయ్యో” అనే వెసులుబాటును తీసివేసినారు. ఎవరి గాయమో చెప్పకపోవడంవల్ల అది ఏ ఒక్కరికీ పరిమితం కాలేదు. అయితే ‘గాయాలు’ అన్న పేరు లేకుంటే ఇవి కేవలం అందమైన తెల్లని నతోన్నతాలుగా మిగిలే ప్రమాదం ఉన్నదని కూడా ఒప్పుకోవలె. రూపం విడిచిపెట్టిన భారమంతా ఆ ఒక్క మాటపై పడినది.

అనువాదకునికి ఆ మాటే చిక్కు. ఆంగ్లంలోని ‘వూండ్స్’కు మనకు గాయం ఉన్నది, క్షతం ఉన్నది, పుండు ఉన్నది, మచ్చ ఉన్నది. క్షతం గ్రంథాలలోనే నిలిచిపోయినది. పుండు సలుపుతుంది, మచ్చ మానిపోయిన దానికి గుర్తు. ఈ కాగితం సలపదు, మానలేదు కూడా. తగిలిన క్షణంలోనే ఆగిపోయినది. అందుచేత ‘గాయం’ అన్న వాడుకమాటే దానికి సరిపోతుందని నా ఎన్నిక.

దుఃఖాన్ని వ్రాయబూనినప్పుడు మనం సాధారణంగా విశేషణాలను ఆశ్రయిస్తాము. ‘హృదయవిదారకము’ అని వ్రాస్తే ఎవరి హృదయమూ పగలదు. అది కాగితంపై పూసిన సిరా వంటిది. వాక్యం ఎక్కడ తెగవలెనో అక్కడ తెగినప్పుడు, చెప్పవలసిన పేరు చెప్పలేక ఆగినప్పుడు, భాషకే ఆ దెబ్బ తగిలినట్లు పాఠకుడు గ్రహిస్తాడు. హోర్ 2006లో కన్నుమూసినారు. ఆయన శ్వేతముద్రలు ఏ ప్రదర్శనశాలలోనైనా ఎదురైతే, ఎదుట నిలిచి వెంటనే వెనుదిరగవద్దు. రెండడుగులు ప్రక్కకు జరిగి, వెలుతురు వచ్చే దిక్కు చూచుకొని, తిరిగి చూడండి.