సాలీడు నూలుతో గూడు కట్టే పిట్ట

పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని ఏకి, ఏకులు చుట్టి, రాట్నం మీద వంద కౌంటు నూలు వడుకుతారు. వంద కౌంటు అంటే ఒక పౌను పత్తి, అంటే 454 గ్రాములు, సుమారు 77 కిలోమీటర్ల పోగవుతుంది. శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా పరిచినా ఇంకా మిగులుతుంది. ఆ పోగు మందం మిల్లీమీటరులో పదకొండో వంతు. సాలీడు తీసే పోగు మామూలుగా దానిలో పదో వంతైనా ఉండదు. ఆ పోగుతో ఇల్లు కట్టుకునే పిట్ట తూర్పు కనుమల అడవుల్లో ఉంది.

ఇంగ్లీషులో దాని పేరు బ్లాక్ నేప్డ్ మోనార్క్. మనం నీలి ఈగపిట్ట అందాం. తోకతో కలిపి 16 సెంటీమీటర్లు. మగది ఒళ్లంతా నీలం, పెడతల మీద నల్లమచ్చ, గొంతు కింద సన్నని నల్లగీత. ఆడదానికి తల మాత్రమే నీలం, వీపు బూడిద కలిసిన గోధుమరంగు. 1783లో డచ్చి శాస్త్రజ్ఞుడు బొడ్డార్ట్ దీనికి శాస్త్రీయనామం పెట్టాడు. మన దేశం నుంచి ఫిలిప్పీన్స్ దాకా ఉంటుంది. ఈగపిట్ట అన్నామే గానీ, అసలు ఈగపిట్టల కుటుంబం వేరు. ఇది మన పసులపోలిగాడికి, కాకికి దగ్గర చుట్టం.

ఆ నీలం అద్దకం కాదు. నీలిమందు లాంటి రంగు పదార్థం ఈకలో లేనే లేదు. ఈక లోపలి సన్నటి నిర్మాణం నీలి వెలుగును మాత్రమే వెనక్కి చిమ్ముతుంది. ఈకను మెత్తగా నూరితే ఆ నీలం మాయమైపోతుంది.

పురుగు కోసం కొమ్మ మీంచి ఎగిరి, గాలిలోనే పట్టి, మరో కొమ్మ మీద వాలుతుంది. చలికాలంలో వేరే పిట్టలతో కలిసి గుంపుగా తిరుగుతుంది.

గూడు దగ్గరే దీని నేర్పంతా కనిపిస్తుంది. కొమ్మ పంగలో బెరడు నార, గడ్డిపోచలు, నాచు పేర్చి చిన్న గిన్నెలా మలుస్తుంది. పైన సాలెపట్టు చుడుతుంది. ముడి అక్కర్లేదు, పట్టు దానంతటదే అంటుకుంటుంది. పైగా అది తెగకుండా సాగుతుంది, గాలికి కొమ్మ ఊగినా గిన్నె విడిపోదు. బయటివైపు సాలీళ్ల గుడ్లసంచులు అతికిస్తుంది. దూరం నుంచి చూస్తే గూడు కాదు, బెరడు మీద బూజనిపిస్తుంది.

అందుకే కొండవాలు తోటల్లో చెట్లను ఉంచి, కింద పొదలన్నీ నరికేయడం నాకు కష్టంగా ఉంటుంది. పొద పోతే సాలీడు పోతుంది, పిట్టకు నూలు కరువవుతుంది.

గూడు కట్టేది ఆడపిట్టే. అది పోగు తెచ్చినప్పుడల్లా మగది పక్క కొమ్మ మీద కాపలా కాస్తుంది, పోగు మాత్రం ముట్టదు. మూడు గుడ్లు పెట్టాక ఇద్దరూ వంతులేసుకుని పొదుగుతారు. 12 రోజులకు పిల్లలు బయటికొస్తాయి.