గాలి నడిపే నీళ్ళు



సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు, గాలి బాగా వీచే రోజున మీ ఊరి చెరువును గమనించండి. ఆకులు, నురగ, నాచు ఒకే గట్టుకు చేరి ఉంటాయి. వాటితోపాటు చెరువులోని నీటిని కూడా గాలి నడుపుతుంది. అది ఎలాగో తెలుసుకుందాం.

గాలి నీటి ఉపరితలాన్ని రాసుకుంటూ పోతుంది. ఆ ఒరిపిడికి పైనీరు గాలి వేగంలో సుమారు నూటికి రెండు, మూడు వంతుల వేగంతో కదులుతుంది. ఎదుటి గట్టు దగ్గర నీటిమట్టం కొంచెం పెరుగుతుంది. పెరిగిన నీరు పల్లానికి రావాలి కదా! ఒడ్డుల వెంట లోతు తక్కువ కాబట్టి అక్కడి నీరు గాలితోపాటే సాగుతుంది. నడుమ లోతున్నచోట నీరు అడుగు నుండి గాలికి ఎదురుగా వెనక్కి వస్తుంది. ఇలా చెరువు నీరు నిరంతరం తిరుగుతూ ఉంటుంది. దీనివల్ల ప్రాణవాయువు అడుగుదాకా అంది చేపలు బతుకుతాయి. గాలి ఉధృతమైతే అడుగు బురద లేచి నీరు మురికిగా మారుతుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. 10 కిలోమీటర్ల పొడవు, 2 మీటర్ల లోతు ఉన్న సరస్సుపై గంటకు 36 కిలోమీటర్ల గాలి వీస్తే, రెండు ఒడ్డుల నీటిమట్టాల మధ్య 7, 8 సెంటీమీటర్ల తేడా వస్తుంది. అదే లోతు 20 మీటర్లయితే తేడా ఒక్క సెంటీమీటరు కూడా ఉండదు. అంటే లోతు తక్కువైన కొద్దీ గాలి ప్రభావం ఎక్కువ. గాలి వేగం రెట్టింపైతే నీటిని నెట్టే బలం సుమారు నాలుగు రెట్లవుతుంది.

అమెరికాలోని ఫ్లోరిడాలో ఒకీచోబీ అనే సరస్సు ఉంది. విస్తీర్ణం సుమారు 1,900 చదరపు కిలోమీటర్లు. సగటు లోతు 3 మీటర్లు కూడా లేదు. 1928 సెప్టెంబరు 16 రాత్రి పెను తుపాను గాలి ఉత్తరం నుండి వీచి, సరస్సు నీటిని దక్షిణపు ఒడ్డుకు నెట్టింది. అక్కడి మట్టికట్ట తెగింది. తుపాను కేంద్రం దాటాక గాలి దిశ మారి ఉత్తరపు ఒడ్డు కూడా మునిగింది. కనీసం 2,500 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది పొలాల్లో పనిచేసే నల్లజాతి కూలీలు. దొరికిన శవపేటికలను తెల్లవారికి కేటాయించారు. వెస్ట్ పామ్ బీచ్ పట్టణంలో 674 మంది నల్లవారిని ఒకే గోతిలో, గుర్తుగా ఒక రాయి కూడా లేకుండా పూడ్చిపెట్టారు.

గాలికి జాతి, కులం తెలియవు. కానీ బలహీనమైన కట్ట పక్కన, పల్లపు నేలలో ఎవరు కాపురం ఉండాలో నిర్ణయించింది మనుషులే. రేపు మనలో ఇంజనీర్లయ్యేవారు కట్ట ఎత్తు లెక్కించేటప్పుడు నీటితోపాటు గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆ కట్ట కింద ఉండే గుడిసెలను కూడా మరచిపోకూడదు.