కార్సెట్ రవికె: కుట్టు సరే... కూలి లెక్కేదీ?

నంద్యాల, ఆళ్లగడ్డ: పెళ్లి చీరకు రవికె కుట్టించడమంటే ఒకప్పుడు ఆది జాకెట్టు ఇచ్చి, నాలుగు రోజుల తరువాత వచ్చి తీసుకువెళ్లడమే. ఇప్పుడు పెళ్లికూతురు చరవాణిలో ఒక చిత్రం చూపి 'అచ్చంగా ఇలాగే కావాలి' అంటోంది. ఆ చిత్రంలో ఉన్నది మామూలు రవికె కాదు. నిలువు ముక్కలను కలిపి, లోపల గట్టి పట్టీలు పెట్టి, వెనుక డోరీలతో బిగించే కార్సెట్ రవికె. సినిమాలు, సామాజిక మాధ్యమాల ద్వారా నగరాలలో మొదలైన ఈ మోజు చిన్న పట్టణాల కుట్టు యంత్రాల వరకు వచ్చింది.

ఇంటి ముందు గదిలో యంత్రం పెట్టుకుని జీవనం సాగించే మహిళలకు ఇది మంచి అవకాశమే. సాదా రవికెలు కుట్టేవారు ప్రతి వీధిలోనూ ఉన్నారు. రాష్ట్ర ప్రభుత్వం 2025 మార్చి 8న బీసీ, ఈడబ్ల్యూఎస్ మహిళలకు ఉచిత కుట్టు శిక్షణ ప్రారంభించడంతో ఈ వృత్తిలోకి వచ్చేవారి సంఖ్య ఇంకా పెరుగుతుంది. పోటీ పెరిగినచోట సాదా కుట్టు కూలి పెరగదు. అందరికీ చేతకాని పని నేర్చినవారికే కాస్త ఊపిరి సలుపుతుంది. అయితే కార్సెట్ రవికె కుట్టడం నేర్చుకున్నంత శ్రద్ధగా దాని ధర కట్టడం నేర్చుకోకపోతే, కష్టం రెట్టింపై రాబడి సగమయ్యే ప్రమాదముంది.

ఎముక లేని 'బోన్'

దర్జీలు 'బోనింగ్' అని పిలిచే పట్టీలకు ఆ పేరు రావడానికి కారణముంది. ఐరోపాలో శతాబ్దాల పాటు స్త్రీల బిగుతు కంచుకాలలో తిమింగలం నోటిలో జల్లెడలా ఉండే పలకలను సన్నగా చీల్చి వాడేవారు. అది నిజానికి ఎముక కాదు, మన గోళ్ల వంటి పదార్థం. అయినా 'తిమింగలపు ఎముక' అన్న పేరే స్థిరపడింది. 19వ శతాబ్దంలో ఉక్కు పట్టీలు, లోహపు కాజా రింగులు వచ్చాక డోరీని ఎంత లాగినా వస్త్రం చిరగని స్థితి వచ్చింది. నేడు మన టైలరింగ్ సామగ్రి దుకాణాలలో దొరికేది ఎక్కువగా ప్లాస్టిక్ పట్టీయే.

వెనుక ముడి వేసి బిగించుకునే వస్త్రం మన ప్రాంతానికి కొత్తదేమీ కాదు. లంబాడీ స్త్రీలు అద్దాలు, గవ్వలు పొదిగి కుట్టుకునే కంచళి వీపున దారాలతోనే నిలుస్తుంది. ముందు ముడి వేసుకునే రవికెలు మన అవ్వల కాలంలో సర్వసాధారణం. తేడా ఎక్కడంటే కంచళి శరీరాన్ని అనుసరిస్తుంది, కార్సెట్ శరీరానికి ఆకారం ఇస్తుంది. ఆ ఆకారం ఇచ్చే భారమంతా కుట్లపైనా, పట్టీలపైనా పడుతుంది. కనుకనే ఇందులో ఒక్క కొలత తప్పినా కప్పిపుచ్చుకునే వీలుండదు.

పీటల మీద కూర్చోబెట్టి కొలవాలి

మామూలు రవికెకు ఆది జాకెట్టు సరిపోతుంది. కార్సెట్‌కు అది పనికిరాదు. ఛాతీ, ఛాతీ కింది చుట్టు, నడుము, నడుముకు దిగువన తుంటి ఎముక వద్ద చుట్టు, భుజం నుంచి ఛాతీ ఎత్తు, రెండు ఎత్తుల మధ్య దూరం, వెనుక మెడ నుంచి నడుము వరకు పొడవు విడివిడిగా తీసుకోవాలి. టేపును బిగించకుండా, వదులు కాకుండా పట్టాలి. మనిషిని మాటల్లో పెట్టి మామూలుగా ఊపిరి తీసుకుంటుండగా కొలవడం మేలు. కొలుస్తున్నారనగానే చాలామంది పొట్ట లోపలికి లాక్కుంటారు.

అన్నింటికన్నా ముఖ్యమైనది కూర్చున్నప్పటి కొలత. విదేశీ పుస్తకాలు, వీడియోలు కుర్చీలో కూర్చునే మనిషిని దృష్టిలో పెట్టుకుని చెబుతాయి. మన పెళ్లికూతురు పీటల మీద బాసింపట్టు వేసుకుని గంటల తరబడి కూర్చోవాలి, తలంబ్రాలకు ముందుకు వంగాలి, అరుంధతి నక్షత్రానికి మెడ ఎత్తాలి. నిలబడి తీసిన కొలతతో ముందు పట్టీని పొడవుగా కోస్తే, కూర్చోగానే దాని కింది కొస తొడకు గుచ్చుకుంటుంది, పై కొస గుండెల మీదికి తన్నుకొస్తుంది. కాబట్టి నేల మీద కూర్చోబెట్టి, ఛాతీ కింద నుంచి ఒడి వరకు మళ్లీ ఒకసారి కొలిచి, ముందు పట్టీ అంతకన్నా కొంచెం పొట్టిగానే ఉండేలా చూసుకోవాలి.

ఈ దగ్గరి కొలతలు ఇవ్వడానికి ఆడపిల్లలు మహిళా దర్జీల వద్దకే రావడానికి ఇష్టపడతారు. ఇంటిలో నడిపే చిన్న వ్యాపారానికి ఇది పెద్ద దుకాణాలకు లేని బలం. తలుపు మూసుకునే గది, నిలువుటద్దం, కొలతల పుస్తకం ఎవరికీ కనబడకుండా దాచే అర... ఈ మూడూ యంత్రంతో సమానమైన పరికరాలే. కుట్టిన రవికె చిత్రాన్ని ప్రచారానికి వాడుకోవాలనుకుంటే ముందుగా ఆమె అనుమతి తీసుకోవాలి.

చీర ముక్క చాలుతుందా?

చీరతో వచ్చే రవికె ముక్క సాధారణంగా 80 సెంటీమీటర్ల నుంచి మీటరు వరకు ఉంటుంది. కార్సెట్‌కు 8 నుంచి 12 నిలువు ముక్కలు కావాలి. ప్రతి ముక్కకు ఇరువైపులా కుట్టు జాగా పోతుంది. అంచు ఒకే ఎత్తులో కలవాలంటే ఇంకొంత వస్త్రం వృథా అవుతుంది. పొడుగు చేతులు కూడా కావాలంటే ముక్క చాలదని కత్తెర పట్టకముందే చెప్పాలి. వీపు భాగానికి వేరే పట్టు కలపడమా, చేతులు తగ్గించడమా అన్నది ఆమే తేల్చుకోవాలి.

పట్టు వస్త్రాన్ని అలాగే బిగిస్తే కుట్టు వెంట పోగులు జారి సందులు కనబడతాయి. అందుకే పట్టు వెనుక ఫ్యూజింగ్ అతికి, దాని కింద గట్టి నూలు బట్టతో అసలు బలాన్నిచ్చే పొర కుట్టి, ఒంటికి తగిలేచోట మెత్తని నూలు లైనింగ్ వేయాలి. బిగువంతా మోయవలసింది మధ్య పొర, పైనున్న పట్టు అందానికే. నడుము దగ్గర లోపలివైపు సాగని నాడా ఒకటి అడ్డంగా కుడితే లాగుడు దానిపై పడి ముక్కల కుట్లు నిలుస్తాయి. మన ఎండలను మరచిపోరాదు. వేసవి ముహూర్తానికి హోమం ముందు కూర్చునే మనిషికి పాలియెస్టర్ లైనింగ్ వేయడం శిక్ష వంటిది.

పట్టీలలో ప్లాస్టిక్ రకం చౌక, కత్తెరతో తెగుతుంది. కానీ ఒంటి వేడికి క్రమంగా వంగిన చోటే ఉండిపోతుంది. చుట్లు చుట్లుగా ఉండే స్పైరల్ ఉక్కు పట్టీ అన్ని వైపులా వంగి తిరిగి నిలబడుతుంది కనుక ప్రక్క కుట్లకు అది మేలు. చదును ఉక్కు పట్టీ వెనుక డోరీ రింగుల పక్కన నిటారుగా నిలవడానికి పనికొస్తుంది. ఉక్కుకు పూత లేకపోతే చెమటకు తుప్పు మరకలు పట్టుకు దిగుతాయి. ఏ పట్టీ అయినా కోసిన కొసను గుండ్రంగా చేసి మూత వేయకపోతే గొట్టం చించుకుని బయటికి వస్తుంది. ఇటువంటి ఉక్కు సామగ్రిని చిన్న పట్టణాలవారు తరచుగా పెద్ద నగరాల నుంచి తెప్పించుకోవలసి వస్తుంది. ఆళ్లగడ్డకు రైలు లేదు, రోడ్డు మార్గమే దిక్కు. ముహూర్తం దగ్గరపడ్డాక పార్శిల్ కోసం ఎదురుచూడడం కన్నా రెండు మూడు రవికెలకు సరిపడా నిల్వ ఉంచుకోవడం నయం.

పట్టు కోయడానికి ముందు పాత దుప్పటి వంటి సాగని బట్టతో నమూనా కుట్టి తొడిగించి చూడడం తప్పనిసరి. చాలామంది సమయం వృథా అని దీనిని వదిలేస్తారు. ఆళ్లగడ్డ అంటే విగ్రహాల ఊరు. అక్కడి రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆ ఊరిలో ఉలి దెబ్బ పడిన రాయి మళ్లీ అతకదని ఎవరికీ చెప్పనక్కరలేదు. కోసిన కంచి పట్టు సంగతీ అంతే.

గంటకు ఎంత?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మన చిన్న పట్టణాలలో కుట్టు కూలిని పక్క వీధి ధర చూసి చెబుతారు. కార్సెట్‌కు పక్క వీధి ధర ఉండదు. 'మామూలు రవికెకు తీసుకునేదాని మీద ఇంకొంత ఇవ్వమ్మా' అని అడిగి మొహమాటంతో ఒప్పుకుంటారు. ఒక ఉదాహరణ తీసుకుని లెక్క వేసి చూద్దాం. అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి మాత్రమే, ఎవరి ధరలు వారు వేసుకోవాలి.

లైనింగు, గట్టి బట్ట, ఫ్యూజింగ్, పట్టీలు, కప్పులు, రింగులు, డోరీ, దారం కలిపి రూ.650 అయిందనుకుందాం. కొలతలు, కాగితం నమూనాకు 2 గంటలు, బట్ట నమూనాకు 3 గంటలు, కోతకు 2 గంటలు, ముక్కలు కలిపి గొట్టాలు కుట్టడానికి 8 గంటలు, తొడిగించి సరిచేయడానికి 3 గంటలు, చేతి పనికి 2 గంటలు... మొత్తం 20 గంటలు. గంటకు రూ.75 చొప్పున కూలి రూ.1,500. గది అద్దె, విద్యుత్తు, యంత్రం అరుగుదల వాటా రూ.250. ఇంతవరకు రూ.2,400. పాడయ్యే సామగ్రికి, మళ్లీ విప్పి కుట్టే పనికి పదో వంతు కలిపితే రూ.2,640. మగ్గం వర్క్ ఉంటే దాని లెక్క వేరు.

ఇదే రవికెను మొహమాటానికి రూ.1,500కు ఒప్పుకున్నారనుకోండి. సామగ్రి, ఖర్చుల కింద రూ.900 పోగా మిగిలేది రూ.600. 20 గంటలకు పంచితే గంటకు రూ.30, ఎనిమిది గంటల రోజుకు రూ.240. ఉపాధి హామీ పథకంలో 2025-26 సంవత్సరానికి మన రాష్ట్రానికి నిర్ణయించిన రోజు కూలి రూ.307. అంటే కంచి పట్టుపై అరుదైన పనితనం చూపిన చేతికి మట్టి పనికన్నా తక్కువ ముట్టిందన్నమాట. ఈ నష్టం కంటికి కనబడదు. చేతిలో రూ.1,500 కనబడుతుంది, అందులో సొంత గంటలు కరిగిపోయిన సంగతి కనబడదు.

గంటలు రాసుకోవడం ఒక్కటే దీనికి విరుగుడు. మొదటి నాలుగైదు రవికెలకు ఏ పనికి ఎంతసేపు పట్టిందో గోడ గడియారం చూసి పుస్తకంలో ఎక్కించాలి. చేయి తిరిగిన కొద్దీ 20 గంటలు 14కు తగ్గవచ్చు. ఆ తగ్గిన గంటలే లాభం, వాటిని బేరంలో వదులుకోరాదు.

మూఢం వస్తే...

పెళ్లి పని ఏడాది పొడవునా ఉండదు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణాలలో ఊపిరాడదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యమాసాలలోనూ, గురు శుక్ర మూఢాలలోనూ యంత్రం మూగబోతుంది. పంచాంగం చేతికి రాగానే ముహూర్తాల తేదీలను గుర్తించి, ఒక్కో ముహూర్తానికి ఎన్ని రవికెలు చేయగలరో ముందే పరిమితి పెట్టుకోవాలి. రోజుకు ఏడు గంటల పనికి ఒక్క కార్సెట్ మూడు రోజులు తింటుంది. వారంలో రెండుకు మించి ఒప్పుకుంటే ఏదో ఒకటి రాత్రి దీపం కింద తప్పుగా కుట్టవలసిందే.

పని లేని నెలలలో లంగా ఓణీలకు, నిశ్చితార్థాలకు, బిడ్డ పుట్టాక వదులు చేయవలసిన పాత రవికెలకు గిరాకీ ఉంటుంది. కాగితం నమూనాలను పరిమాణాల వారీగా తయారుచేసి దాచుకోవడానికి కూడా అదే అదను.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పవలసి ఉంది. ఈ రవికె వేసుకుంటే నడుము సన్నబడుతుందని ఎవరికీ హామీ ఇవ్వరాదు. విప్పగానే శరీరం తన ఆకారానికి వస్తుంది. గర్భిణులు, ఇటీవల కాన్పు లేదా శస్త్రచికిత్స జరిగినవారు, వెన్ను బాధ ఉన్నవారు వైద్యుల సలహా తీసుకున్నాకే బిగుతు వస్త్రాల జోలికి రావాలి. ఊపిరి నిండుగా తీసుకోలేనంత బిగించమని పెళ్లికూతురి స్నేహితురాళ్లు పట్టుబట్టినా దర్జీ ఒప్పుకోకూడదు.

అప్పు ఏది ముందు?

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో దర్జీ పని ఒకటి. నిబంధనల ప్రకారం శిక్షణ కాలంలో రోజుకు రూ.500, పరికరాలకు రూ.15 వేలు, మొదటి విడత రూ.లక్ష, అది తీర్చాక రెండో విడత రూ.2 లక్షల వరకు 5 శాతం వడ్డీకి రుణం ఇస్తారు. కుటుంబంలో ఒక్కరికే అవకాశం. గడచిన అయిదేళ్లలో ముద్ర వంటి రుణం తీసుకుని ఇంకా తీర్చనివారు దీనికి అర్హులు కారు. కనుక తొందరపడి రూ.50 వేల లోపు ముద్ర శిశు రుణం తీసుకోవడానికి ముందే రెండింటినీ పోల్చి చూసుకోవాలి. ఉద్యమ్ నమోదు పూర్తిగా ఉచితం. దానికి సొమ్ము అడిగే దళారులను నమ్మనవసరం లేదు. వినియోగదారు ఇచ్చిన వస్త్రాన్ని కుట్టి ఇవ్వడం సేవ కిందికి వస్తుంది. ఏడాది మొత్తం వసూళ్లు రూ.20 లక్షలు దాటేవరకు సాధారణంగా జీఎస్టీ నమోదు అవసరముండదు.

అప్పు తెచ్చి మొదట కొనవలసింది ఖరీదైన ఎంబ్రాయిడరీ యంత్రం కాదు. నిలకడగా కుట్టే ఒక మంచి కుట్టు యంత్రం, ఓవర్‌లాక్ యంత్రం, రింగులు బిగించే చేతి పరికరం, మంచి ఇస్త్రీ పెట్టె ఉంటే కార్సెట్ పని మొదలవుతుంది.

ఆర్డరు చీటీలో అప్పగించిన వస్త్రం కొలత, ముక్క అంచు నమూనా, తొడిగి చూసే తేదీ, ఇచ్చే తేదీ, మొత్తం ధర, ముందుగా తీసుకున్న సొమ్ము రాసి ఇద్దరూ సంతకం చేయాలి. సామగ్రికి, నమూనాకు సరిపడా సొమ్ము చేతికి వచ్చాకే కత్తెర పట్టాలి. నిశ్చితార్థానికీ పెళ్లికీ మధ్య పెళ్లికూతురు చిక్కడం, ఒళ్లు చేయడం మామూలే. వెనుక డోరీ వద్ద రెండంగుళాల ఖాళీ, ప్రక్క కుట్లలో అంగుళం చొప్పున మడత ఉంచితే ఆ తేడాను సర్దవచ్చు. ఒకసారి సర్దడం ధరలోనే కలుస్తుందని, రెండోసారి నుంచి వేరుగా తీసుకుంటామని ఆ చీటీలోనే రాస్తే పెళ్లి ముందు రోజు మాటామాటా పెరగదు.