తుపాకి మీట ఎందుకు బిగుసుకుంటుంది?

భారత సైన్యం చిరకాలం వాడిన, ఇషాపూరులో తయారైన 7.62 మి.మీ. ఎస్.ఎల్.ఆర్. అర్ధ స్వయంచాలక తుపాకి. మీట నొక్కిన ప్రతిసారీ ఒకే గుండు వెలువడుతుంది. సియరు అనే కొక్కెం సుత్తిని పట్టి ఉంచి, మీట నొక్కగానే విడుస్తుంది.

కర్నూలు, కడప మెట్టసీమలలో దుమ్ము అధికం. నూనె ఎక్కువైన చోట అది అంటుకొని ముద్ద అవుతుంది. అప్పుడు మీట బిగుస్తుంది; లేదా వదిలినా ముందుకు రాదు. కొక్కెం సరిగా పట్టకపోతే తుపాకి అనుకోకుండా పేలే ప్రమాదమున్నది.

కనుక ముందుగా మ్యాగజైను తీసి, బోల్టును వెనక్కు లాగి, లోపల తూటా లేదని కంటితో చూడవలెను. పిమ్మట శుభ్రంగా తుడిచి, పలుచగా మాత్రమే నూనె రాయవలెను. అప్పటికీ బిగిస్తే పిన్ను వంగినదో, స్ప్రింగు చెడినదో ఆర్మరరు చూడవలసినదే. కొక్కెంపై ఆకురాయి పెట్టరాదని ఎన్.సి.సి. విద్యార్థులకు మేము మరీ మరీ చెబుతున్నాము. అరిగిన అంచు సుత్తిని నిలుపలేదు.