గవ్వలు పండిన దీవి, ధరలు మండిన ఊరు

జేబులో చిల్లిగవ్వ లేదంటాం. గవ్వే డబ్బుగా చెల్లిన కాలాన్ని మన నోరు ఇంకా మరిచిపోలేదు. ఆఫ్రికా పడమటి తీరాన, అంగోలా రాజధాని లువాండాకు ఎదురుగా సన్నటి ఇసుక దీవి ఒకటుంది. పోర్చుగీసువాళ్లు 1576లో ఇక్కడ ఊరు కట్టకముందు ఆ దీవి కాంగో రాజుది. ఆడవాళ్లు సముద్రంలో దిగి, బుట్టలతో ఇసుక తోడి, జల్లించి 'జింబు' అనే చిన్న గవ్వలు ఏరేవారు. రాజ్యమంతా అవే నాణేలు, దీవేమో రాజుగారి టంకసాల. ఇప్పుడు ఆ ఇసుక మీద వరసగా రెస్టారెంట్లు వెలిశాయి. డబ్బు అప్పుడూ అక్కడే పుట్టింది, ఇప్పుడూ అక్కడే పుడుతోంది. కాకపోతే ఇప్పుడు మన జేబులోంచి.

విదేశీ ఉద్యోగులకు ఏ నగరంలో ఖర్చెక్కువో మెర్సర్ సంస్థ లెక్కగట్టి జాబితా వేస్తుంటుంది. 2013, 2014, 2015, మళ్లీ 2017లో అందులో మొదటి పేరు లువాండాదే. టోక్యో, హాంకాంగ్, జూరిక్ అన్నీ దాని తర్వాతే.

చమురు తవ్వుకునే దేశంలో టమాటా ఎందుకంత ప్రియం? స్వాతంత్ర్యం 1975 నవంబరు 11న వచ్చింది, అంతర్యుద్ధం 2002 దాకా సాగింది. పొలాల్లో మందుపాతరలు పరిచారు, రైలుమార్గాలు ధ్వంసమయ్యాయి, పల్లెలు ఖాళీ అయి జనం రాజధానికి చేరారు. ఒకప్పుడు కాఫీని ప్రపంచానికి అమ్మిన నేల పాలు, గుడ్లు, కూరగాయలు కూడా ఓడల మీద తెప్పించుకోవలసి వచ్చింది. పైగా చమురు కంపెనీలు తమవాళ్ల ఇంటద్దె ఎంతైనా డాలర్లలో కట్టేవి. ఇంటివాళ్లు ఊరుకుంటారా? జనరేటరు, నీళ్ల ట్యాంకు, గేటు దగ్గర కాపలా ఉన్న ఫ్లాటు అద్దె కొండెక్కి కూర్చుంది. ఆ జాబితా విదేశీయుడి బుట్టను తూచిందే గాని, ఊళ్లో ఎక్కువమంది బుట్ట అది కానేకాదు. వాళ్లుండేది 'ముసెక్'లనే పేటల్లో. కింబుందు భాషలో ఆ మాటకు ఎర్ర ఇసుక నేల అని అర్థం.

ఇప్పుడు మరీ బెదరక్కర్లేదు. 2018 మొదట్లో డాలరుకు సుమారు 166 క్వాంజాలు (అంగోలా డబ్బు) వచ్చేవి, 2023 మధ్యకల్లా 800 దాటాయి. డాలర్లు తెచ్చుకున్నవాడికి ఊరు కొంత చవకైంది. క్వాంజాల్లో జీతం తీసుకునేవాడి బాధ వేరే కథ.

క్వాంజా అనేది ఒక నది పేరు. ఆ పేరు పెట్టుకున్న డబ్బు పడ్డ అగచాట్లు ఇన్నీ అన్నీ కావు. 1980లలో ప్రభుత్వం చెప్పే రేటు డాలరుకు సుమారు 30. బజారులో దానికి ఎన్నో రెట్లు పలికేది. ఎవరికీ నోటు మీద నమ్మకం లేక, బీరు డబ్బాల పెట్టెలనే డబ్బుగా వాడుకున్న రోజులున్నాయి. నోటు విలువ రాత్రికి రాత్రి పడిపోవచ్చు, బీరు విలువ అలా పడిపోదు కదా! 1999లో పది లక్షల పాత క్వాంజాలకు ఒక్క కొత్త క్వాంజా ఇచ్చి లెక్క మళ్లీ మొదలెట్టారు.

వీధి మూలల్లో నోట్ల కట్టలతో పిలిచే ఆడవాళ్లను 'కింగిలా'లంటారు. డాలరు మార్చే బజారు బ్యాంకులన్నమాట. చూసి ముచ్చటపడండి, వ్యవహారం మాత్రం బ్యాంకులోనో అనుమతి ఉన్న దుకాణంలోనో పెట్టుకోండి. వీధిలో మార్చడం చట్టవిరుద్ధం. మడతలు, చిరుగులు లేని డాలర్లు తీసుకెళ్లాలి. చాలాచోట్ల కార్డు యంత్రం ఉన్నా అది 'మల్టికైషా' అనే స్థానిక కార్డులకే పలుకుతుంది. మన కార్డు మీద భరోసా పెట్టుకుని భోజనానికి కూర్చోవద్దు. క్వాంజాలు దేశం దాటితే ఎవరూ తీసుకోరు, అవసరమైనన్నే మార్చుకోండి.

ఇక తిండి. ఇక్కడ పనికొచ్చే సూత్రం ఒక్కటే: ఓడ దిగి వచ్చింది ప్రియం, ఆ నేల మీద, ఆ నీళ్లలో పుట్టింది చవక. పోర్చుగల్ జున్ను, ద్రాక్షసారా జోలికెళ్తే బిల్లు గుండె మీద తన్నుతుంది. 'ముఫెట్' అడగండి: నిప్పుల మీద కాల్చిన చేప, పామాయిల్‌లో ఉడికిన చిక్కుడు గింజలు, అరటికాయ, చిలగడదుంప. ఆ పామాయిల్ మన ప్యాకెట్ నూనెలా ఉండదు. శుద్ధి చేయనిది, ఎర్రగా, ఘాటైన వాసనతో ఉంటుంది. పశ్చిమ గోదావరి తోటల్లో పెరిగే ఆయిల్‌పామ్ చెట్టు పుట్టిల్లు పశ్చిమాఫ్రికాయే. అన్నం స్థానంలో 'ఫుంజి' వస్తుంది. కర్రపెండలం పిండిని మరిగే నీళ్లలో వేసి గుండ్రంగా తిప్పితే జిగురుజిగురుగా తయారవుతుంది. సామర్లకోట వైపు సగ్గుబియ్యం చేసేది ఈ దుంపతోనే. రాయలసీమవాళ్లకు సంకటి గుర్తొస్తుంది గాని ఇది ఇంకా జారుడు. నమలకుండా మింగాలి. నమిలితే ఓడిపోయినట్టే. కారం చాలకపోతే 'జిందుంగు' అనండి, మిరపకాయ నూరి తెస్తారు. మనవాళ్ల ప్రాణం లేచొస్తుంది.

శాకాహారులు రెండు ముక్కలు నేర్చుకుంటే చాలు: 'సెం కార్న్' అంటే మాంసం లేకుండా, 'సెం పైష్' అంటే చేప లేకుండా. రెండోది మరవద్దు. ఆకుకూరలా కనిపించే దాంట్లోనూ ఎండుచేప దాక్కుని ఉండొచ్చు.

నీలం, తెలుపు రంగుల వ్యాన్లు కనిపిస్తాయి. అవి 'కందొంగేరు'లు, మన షేర్ ఆటోలకు పెద్దన్నలు. చవకే, కానీ భాష రానివాడికి ఏది ఎటు పోతుందో అంతుపట్టదు. ఫోన్లో పిలుచుకునే యాంగో, హీచ్ కార్లుంటాయి. ధర ముందే కనిపిస్తుంది గనుక బేరం గొడవ తప్పుతుంది. ఇక్కడ బళ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. దాటేటప్పుడు ముందు ఎడమవైపు చూడాలి.

పోలీసాయన 'గజోజా' అంటే నిజానికి దాహం వేసి కాదు. ఆ మాటకు అర్థం కూల్‌డ్రింకే, కానీ మన 'టీ ఖర్చుల'కు అది సొంత చెల్లెలు. పాస్‌పోర్టు కాపీ ఎప్పుడూ దగ్గరుంటే సగం దాహం తీరుతుంది. ప్రభుత్వ భవనాలు, సైనికులు, పోలీసులు, విమానాశ్రయం, వీటివైపు కెమెరా తిప్పకపోతే మిగతా సగం.

హైదరాబాదు నుంచి నేరుగా విమానం లేదు. ఆడిస్ అబాబా, దుబాయ్, దోహాల్లో ఎక్కడో ఒకచోట దిగి మారాలి. 2023లో అంగోలా 98 దేశాల పర్యాటకులకు వీసా అక్కర్లేదని ప్రకటించింది. ఆ జాబితాలో భారత్ ఉంది, ఒక్క రాకకు 30 రోజులు. నిబంధనలు మారుతుంటాయి గనుక టికెట్ కొనేముందు రాయబార కార్యాలయంలో అడగండి. 2023 నవంబరులో ఊరికి 40 కిలోమీటర్ల దూరాన కొత్త విమానాశ్రయం ప్రారంభించారు. ఆ దూరం లెక్కలో వేసుకోకపోతే టాక్సీ ఖర్చు నొప్పి తెలిసొస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం పసుపు జ్వరం టీకా. హైదరాబాదులో నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎంలో వేస్తారు. ధ్రువపత్రం పది రోజుల తర్వాతే చెల్లుతుంది, ఆపై జీవితాంతం. అక్కడ దిగేటప్పుడే కాదు, ఆ కాగితం లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే పట్టుకుని ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు. మలేరియా మాత్రల గురించి కూడా డాక్టర్నే అడగండి.

మే నుంచి ఆగస్టు దాకా 'కసింబు', చల్లటి పొడి కాలం. భూమధ్యరేఖకు దగ్గర్లోనే ఉన్నా చల్లని బెంగ్వేలా ప్రవాహం వల్ల వానలు తక్కువ. వెళ్తే అప్పుడే వెళ్లాలి.

పైసా ఖర్చు లేకుండా చూడదగ్గది మిరదోరు ద లువా. దక్షిణాన సుమారు 40 కిలోమీటర్లు వెళ్తే, గాలీ వానా చెక్కిన ఎర్ర గుట్టలు చంద్రమండలంలా కనిపిస్తాయి. దారిలో బానిసత్వ మ్యూజియం దగ్గర ఆగండి. అదొక చిన్న ప్రార్థనామందిరం. పట్టి తెచ్చిన మనుషులకు ఓడ ఎక్కించేముందు బాప్తిస్మమిచ్చి కొత్త పేర్లు పెట్టింది అక్కడే. అట్లాంటిక్ బానిస వ్యాపారంలో అత్యధికంగా మనుషుల్ని పంపిన రేవుల్లో లువాండాది ముందువరస. చిన్న భవనమే గాని, బయటికొచ్చాక ఆ సముద్రం వైపు చూడబుద్ధి కాదు.

ఇంకా కిందికి వెళ్తే కిస్సామా అభయారణ్యం. యుద్ధంలో అక్కడి జంతువులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాక, 2000, 2001 సంవత్సరాల్లో ఏనుగుల్ని రష్యా సరుకు విమానాల్లో ఎక్కించి తెచ్చి దింపారు.

దారి పొడవునా లావుపాటి మొదలు, వేళ్లు ఆకాశంలోకి పెరిగినట్టుండే కొమ్మలతో ఇంబొండేరు చెట్లుంటాయి. దాని కాయ 'ముకువ' గుజ్జుతో పుల్లటి పానీయం చేస్తారు, తాగి తీరాలి. చెట్టును మాత్రం చూడ్డానికి లువాండా దాకా పోనక్కర్లేదు. గోల్కొండ నయా ఖిలాలో జనం ఏనుగు చెట్టని పిలిచే మహావృక్షం ఈ జాతిదే.